అవునో కాదో చెప్పండి: ప్రాసిక్యూషన్ అనుమతులిచ్చే అధికారులకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ ప్రధాన కార్యదర్శులకు, అన్ని శాఖల కార్యదర్శులకు, శాఖాధిపతులకు,

నమస్కారం.

నేను ఒక ఏసీబీ కేసులో ఫిర్యాదుదారుని. మా పొలం సబ్‌డివిజన్ చేసి హద్దులు చూపించడానికి లంచం అడిగిన ఉద్యోగి మీద 2022లో ఫిర్యాదు చేశాను. డబ్బు తీసుకుంటుండగా పట్టుకున్నారు. ఆ కేసులో ఇప్పటికీ చార్జిషీటు పడలేదు. ఎందుకని ఎవరిని అడిగినా ఒకటే మాట: "ప్రాసిక్యూషన్ పర్మిషన్ రాలేదండీ." ఏసీబీ వాళ్లు ఫైలు ఎప్పుడో పంపేశామంటారు. శాఖాధిపతి ఆఫీసులో సచివాలయానికి వెళ్లిందంటారు. సచివాలయంలో, ఇలాంటి కేసుల్లో ప్రభుత్వానికి సలహా ఇచ్చే విజిలెన్స్ కమిషన్ సలహా రావాలంటారు. ఇంకోసారి వెళితే సలహా వచ్చింది, న్యాయశాఖ అభిప్రాయానికి పంపామంటారు. రిజిస్టర్డ్ పోస్టులో పంపిన వినతిపత్రాలకు రసీదులున్నాయి, జవాబులే లేవు. అందుకే నలుగురూ చూసేలా ఈ లేఖ రాస్తున్నాను.

ఏ శాఖ, ఏ జిల్లా, ఆ ఉద్యోగి ఎవరు అన్నది ఇందులో రాయడం లేదు. ఆయన దోషా కాదా అన్నది తేల్చాల్సింది కోర్టు. ఆ తేల్చే పని మొదలే కాకపోవడం గురించే నా గోడు.

ముందు ఈ పర్మిషన్ గురించి చట్టం సంగతి. 1988 నాటి అవినీతి నిరోధక చట్టం 19వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగిని కొలువు నుంచి తీసేసే అధికారం ఉన్నవారు అనుమతిస్తే తప్ప కోర్టు కేసును విచారణకు తీసుకోకూడదు. నిజాయతీగా పనిచేసే ఉద్యోగిని గిట్టనివాళ్లు కోర్టుకీడ్చకుండా పెట్టిన రక్షణ ఇది. దీన్ని తీసేయమని నేను అడగడం లేదు. ఉండాల్సిందే. 2018 జూలై 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ దీనికి గడువు కూడా పెట్టింది: ప్రతిపాదన అందాక మూడు నెలలు. న్యాయ సలహా అవసరమైతే, కారణాలు రాతపూర్వకంగా నమోదు చేసి, మరో నెల. అంతే, నాలుగు నెలలు.

గడువులోగా నిర్ణయించడానికి "ప్రయత్నించాలి" అని మాత్రమే చట్టంలో ఉందనీ, తప్పనిసరి కాదనీ మీ కింది ఆఫీసుల్లో అనుకుంటూ ఉండవచ్చు. ఆ అనుమానాన్ని సుప్రీంకోర్టు 2022 అక్టోబరులోనే తీర్చేసింది. మన తెలుగువారైన జస్టిస్ పి.ఎస్. నరసింహ రాసిన ఆ తీర్పు ప్రకారం నాలుగు నెలల గడువు తప్పనిసరి. గడువు దాటినంత మాత్రాన నిందితుడి మీద కేసు కొట్టేయరు. ఆలస్యానికి జవాబు చెప్పుకోవాల్సింది అనుమతి ఇవ్వాల్సిన అధికారే. ఫిర్యాదుదారైనా, నిందితుడైనా హైకోర్టుకు వెళ్లి నిర్ణయం తీసుకోమని ఆదేశాలు కోరవచ్చని కూడా అందులో ఉంది. హైకోర్టుకు వెళ్లడమంటే లాయరు ఫీజు, ప్రయాణాలు, పనులు మానుకోవడం. లంచం ఇచ్చుకోలేకో, ఇవ్వడం ఇష్టంలేకో ఫిర్యాదు చేసినవాడు, మీరు చేయాల్సిన సంతకం కోసం మళ్లీ చేతి డబ్బు పెట్టుకుని కోర్టుకెక్కాలా?

ఇంకో సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అదే సవరణ విచారణకూ గడువు పెట్టింది. కేసు దాఖలైన నాటి నుంచి రెండేళ్లలో ముగించడానికి ప్రయత్నించాలి. ముగియకపోతే కారణాలు రాసి ఆరేసి నెలల చొప్పున పొడిగించవచ్చు, అన్నీ కలిపి సాధారణంగా నాలుగేళ్లు దాటకూడదు. అయితే ఈ లెక్క మొదలయ్యేది కేసు కోర్టులో పడ్డాకే. అనుమతి కోసం ఫైలు బల్లల మీద గడిపే ఏళ్లు ఎవరి లెక్కలోకీ రావు. కోర్టు ఆలస్యానికి పట్టిక ఉంది, జడ్జీకి హైకోర్టు అడిగే లెక్క ఉంది. సచివాలయంలో జరిగే ఆలస్యానికి అలాంటిదేదీ బయటికి కనిపించదు.

సత్వర న్యాయం రాజ్యాంగం 21వ అధికరణలో (జీవించే హక్కులో) భాగమని 1979లో బిహార్ విచారణ ఖైదీల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1991 డిసెంబరులో మహారాష్ట్ర మాజీ ముఖ్యమంత్రి అంతులే కేసులో ఐదుగురు న్యాయమూర్తులు ఆ హక్కు దర్యాప్తు దశ నుంచి అప్పీలు దాకా వర్తిస్తుందన్నారు. ఆ మాట దోషికీ నిర్దోషికీ ఒకేలా వర్తిస్తుంది. ఫిర్యాదు చేసినవాడికి మాత్రం ఎందుకు వర్తించదో నాకు అర్థం కాదు.

ఈ జాప్యం వల్ల మాలాంటివాళ్లకు ఏం జరుగుతోందో రాస్తాను.

1. సాక్ష్యం చచ్చిపోతుంది.

ట్రాప్ రోజు, అంటే ఏసీబీ వలపన్ని పట్టుకున్న రోజు, నేనిచ్చిన నోట్ల నెంబర్లు కాగితం మీద రాసుకున్నారు. నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూశారు, ముట్టుకున్నవాళ్ల వేళ్లకు అంటుకుంటే తర్వాత పరీక్షలో బయటపడుతుందని. వేరే శాఖల నుంచి పిలిపించిన ఇద్దరు ప్రభుత్వోద్యోగులు మధ్యవర్తులుగా కూర్చున్నారు. నేను డబ్బిచ్చి బయటికొచ్చి సైగ చేశాక అధికారులు లోపలికి వెళ్లారు. నన్ను వరండాలోనే ఉంచారు. సోడియం కార్బనేట్ కలిపిన నీళ్లలో ఆయన వేళ్లు ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయని మధ్యవర్తుల నివేదికలో ఉంది. నేను కళ్లారా చూడలేదు, చూసింది వాళ్లు. ఆ ఇద్దరిలో ఒకాయన ఇప్పటికే రిటైరయ్యారు.

రేపు కోర్టులో డిఫెన్సు లాయరు నన్ను ఏమడుగుతారో ఏసీబీ కోర్టుల్లో కాసేపు కూర్చుని చూసినవాళ్లకు తెలుసు. బల్లకు ఏ పక్క నిలబడ్డావు? డబ్బు ఆయన అడిగాడా, నువ్వే జేబులో కుక్కావా? కుడిచేత్తో తీసుకున్నాడా, ఎడమచేత్తోనా? అంతకుముందు నీకూ ఆయనకూ చేబదులు లావాదేవీలేమైనా ఉన్నాయా? జరిగిన ఆరు నెలలకు అడిగితే తడుముకోకుండా చెప్పేవాణ్ని. ఏడెనిమిదేళ్లకు అడిగితే ఒకచోట తడబడతాను. ఆ తడబాటునే అనుమానంగా చూపించి కేసు గెలుస్తారు.

ఇది నా ఊహ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన రెండు కేసులు చూడండి. 1996లో ఒక టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ గుర్తింపు రెన్యువల్‌కు 500 రూపాయలు లంచం అడిగారన్న కేసులో విచారణ మొదలయ్యేలోపే ఫిర్యాదుదారు చనిపోయాడు. లంచం అడిగినట్టు రుజువు లేదంటూ 2015లో సుప్రీంకోర్టు నిందితుణ్ని నిర్దోషిగా వదిలేసింది. 1995 నాటి మరో కేసులో 250 రూపాయలు. ఫిర్యాదు చేసిన రేషన్ డీలరు కోర్టులో ఎదురు తిరిగాడు. 2014లో అదీ పోయింది. ఆ అధికారులు తప్పు చేశారని నేననడం లేదు, కోర్టు నిర్దోషులంది. 500 రూపాయల సంగతి తేల్చడానికి 19 ఏళ్లు పట్టింది, అదీ నా అభ్యంతరం.

ఫిర్యాదుదారు చనిపోయినా, ఎదురు తిరిగినా పరిస్థితుల సాక్ష్యంతో లంచం డిమాండును రుజువు చేయవచ్చని 2022 డిసెంబరులో నీరజ్ దత్తా కేసులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. (ఆ ధర్మాసనానికి నేతృత్వం వహించిన జస్టిస్ అబ్దుల్ నజీర్ కొద్ది నెలలకే ఆంధ్రప్రదేశ్‌కు గవర్నరుగా వచ్చారు.) మంచిదే. కానీ ఆ పరిస్థితుల సాక్ష్యం చెప్పాల్సింది కూడా మనుషులే. వాళ్లూ రిటైరవుతారు, మరిచిపోతారు, పోతారు.

2. సాక్షిని రాజీకి లాగడానికి కావలసినంత సమయం దొరుకుతుంది.

మా ఊళ్లో పెద్దమనుషులు రెండు మూడు విడతలుగా మా ఇంటికొచ్చారు. బెదిరించలేదు, మర్యాదగానే మాట్లాడారు. "ఆయనకూ పిల్లలున్నారు, ఎట్లాగూ కేసు నిలబడదు, నువ్వెందుకు అందరికీ చెడ్డవాడివి కావడం?" అన్నారు. మొదటి ఏడాది నా దగ్గర జవాబుండేది: కోర్టు చూసుకుంటుందని. ఇప్పుడు ఆ మాట నేనే నమ్మకంగా అనలేకపోతున్నాను. సాక్షులు ఎదురు తిరుగుతున్నారని ప్రభుత్వాలు వాపోతుంటాయి. ఎదురు తిరగడానికి అన్నేళ్ల వ్యవధి ఇస్తున్నది ఎవరు?

3. పట్టుబడినవారు మళ్లీ కుర్చీలోకి వస్తారు.

అరెస్టయి 48 గంటలు దాటితే సస్పెన్షన్. ఆ తర్వాత నెలల తరబడి కేసు కదలకపోతే సస్పెన్షన్ సమీక్షకొస్తుంది. పని చేయించుకోకుండా ఎంతకాలం జీవన భత్యం ఇస్తామన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న సబబే. దాంతో పోస్టింగ్ ఇస్తారు. కేసు ముందుకు సాగి ఉంటే ఈ అవసరమే రాదు. జనానికి మాత్రం కనిపించేది ఒకటే: టీవీలో తలదించుకుని కనిపించిన ఆయనే పక్క మండలంలో సంతకాలు చేస్తున్నాడు. ఆ మండలంలో ఇంకెవరైనా ఏసీబీ ఫిర్యాదు నెంబరు 1064కి ఫోన్ చేస్తారా?

4. ఫిర్యాదు చేసినవాడి పని ఆగిపోతుంది.

ఇది పేపర్లలో రాదు. ట్రాప్ జరిగిన రోజే నా దరఖాస్తు ఫైలును సాక్ష్యంగా స్వాధీనం చేసుకున్నారు. కొత్తగా వచ్చిన ఉద్యోగి "ఫైలు ఏసీబీ దగ్గరుంది, నేనేం చేయను?" అంటాడు. కొత్తగా దరఖాస్తు పెట్టుకోమంటాడు. పెడితే, పాతది పెండింగులో ఉండగా కొత్తది తీసుకోవడం కుదరదని వెనక్కిస్తాడు. హద్దు రాళ్లు పడక అన్నదమ్ముల మధ్య పంపకం ఆగింది, పంపకం ఆగి బ్యాంకు అప్పు ఆగింది. లంచం ఇచ్చిన పక్క పొలం ఆయనకు పని అయిపోయింది. ఆ గట్టు మీద నిలబడి ఆయన నన్ను చూసి నవ్వుతుంటే నాకేం అనాలో తోచదు.

5. నిర్దోషి అయిన ఉద్యోగి కూడా నలిగిపోతాడు.

నా శత్రువు తరఫున కూడా ఈ మాట రాయాలి. కేసు తేలకుండా రిటైరైతే తాత్కాలిక పింఛనే, గ్రాట్యుటీ ఆగుతుంది. చార్జిషీటు పడ్డాక ప్రమోషన్ నిర్ణయం కేసు తేలేదాకా తెరవని సీల్డ్ కవరులో ఉండిపోతుంది. పిల్లల పెళ్లి సంబంధాల దగ్గర "ఏసీబీ కేసు ఉందట కదా" అంటారు. ఆయన తప్పు చేయకపోతే ఆ సంగతి నాలుగేళ్లలో తేలి తలెత్తుకు తిరగాలి. అనుమతి నిరాకరించడానికి మీకు కారణముంటే అదే రాసి నిరాకరించండి. ఇవ్వకుండా, కాదనకుండా నాన్చడం మాత్రం ఇద్దరికీ ద్రోహమే. రిటైరైనవారి విషయంలో 2018 సవరణకు ముందు ఈ అనుమతి అక్కర్లేకపోయేది. ఇప్పుడు వారికీ కావాలి. అంటే పదవీ విరమణతోనైనా ముడి విడుతుందన్న ఆశ కూడా పోయింది.

6. ఆలస్యంగా వచ్చిన అనుమతి సరిగ్గా కూడా ఉండదు.

కర్ణాటకలో 500 రూపాయల లంచం కేసొకటి అనుమతి ఇచ్చిన అధికారికి ఆ అధికారమే లేదన్న కారణంతో 2015లో సుప్రీంకోర్టులో వీగిపోయింది. చెల్లే అనుమతితో మళ్లీ మొదటి నుంచి కేసు నడపవచ్చని చట్టం ఒప్పుకుంటుంది. కానీ 1998 నాటి సంఘటన, అప్పటికే దాదాపు 17 ఏళ్లు గడిచాయి, ఆ ఉద్యోగి రిటైరయ్యాడు కూడా. ఇక వద్దంది కోర్టు. అనుమతి ఇచ్చిన అధికారి కూడా సాక్షిగా బోనెక్కాలి. "ఏ కాగితాలు చదివి సంతకం పెట్టారు?" అని అడుగుతారు. ఏసీబీ పంపిన ముసాయిదా కింద కళ్లు మూసుకుని పెట్టిన సంతకం అక్కడే తేలిపోతుంది. నాలుగు నెలలు శ్రద్ధగా చదవడానికిచ్చిన సమయం. పక్కన పడేసి చివర్లో హడావుడి చేయడానికి కాదు.

మా వినతులు ఇవీ.

1. నాలుగు నెలలు దాటిన ప్రతి ప్రతిపాదన మీద 30 రోజుల్లో నిర్ణయం తీసుకోండి. అనుమతిస్తే అనుమతించండి, నిరాకరిస్తే కారణాలు రాయండి. కోర్టులో తేలాల్సిన లంచం కేసును "శాఖాపర విచారణ చాలు" అన్న ఒక్క వాక్యంతో పక్కదారి పట్టించకండి. అలా అనుకుంటే ఎందుకు చాలో రాయండి.

2. కేంద్ర విజిలెన్స్ కమిషన్ తన వార్షిక నివేదికల్లో గడువు దాటిన అనుమతుల వివరాలు వెల్లడిస్తుంది. రెండు రాష్ట్రాల విజిలెన్స్ కమిషన్లు కూడా ప్రతి నెలా అలాంటి పట్టిక పెట్టాలి. నిందితుడి పేరు అక్కర్లేదు. కేసు నెంబరు, ప్రతిపాదన అందిన తేదీ, ఇప్పుడు ఏ శాఖ దగ్గరుంది, ఎన్నాళ్ల నుంచి ఉంది, ఇంత చాలు. సమాచార హక్కు కింద అడిగితే దర్యాప్తుకు అడ్డమని తిప్పికొడుతున్నారు. దర్యాప్తు నడుస్తోందన్న ఒక్క కారణంతో సమాచారం నిరాకరించకూడదని ఢిల్లీ హైకోర్టు 2007లోనే చెప్పింది. అయినా దర్యాప్తు ముగిసి మీ దగ్గరికొచ్చిన ఫైలుకు ఇంకే అడ్డం?

3. ఫైలును కారణం రాయకుండా ఆపిన అధికారి ఎవరో గుర్తించి, ఆ సంగతి ఆయన పనితీరు నివేదికలో నమోదు చేయాలి. ఆలస్యానికి బాధ్యత అనుమతిచ్చే అధికారిదేనన్న సుప్రీంకోర్టు మాటకు కనీస అమలు ఇదే.

4. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త సంహిత, అంటే భారతీయ నాగరిక సురక్ష సంహిత, 193వ సెక్షన్ ప్రకారం దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు తెలపాలి. ఏసీబీ దీన్ని ట్రాప్ కేసుల్లో తు.చ. తప్పకుండా పాటించాలి. అనుమతిపై నిర్ణయం కాపీ కూడా ఫిర్యాదుదారుకు పంపాలి. ఫోన్‌లో మెసేజ్ వచ్చినా మాకు చాలు.

5. ట్రాప్ జరిగిన నెలలోపు ఫిర్యాదుదారు అసలు పనిని మరో అధికారితో పూర్తి చేయించాలి. ఒరిజినల్ ఫైలు కోర్టుకో ఏసీబీకో వెళితే ధ్రువీకరించిన నకళ్ల మీద పని నడవాలి. దీనికి చట్ట సవరణ అక్కర్లేదు, కలెక్టర్లకు ఒక సర్క్యులర్ చాలు. మిగతావన్నీ ఆలస్యమైనా ఇది మాత్రం ఈ నెలలోనే చేయగలరు.

6. కేసు తేలేదాకా నిందితుడికి జనంతో నేరుగా పని పడే పోస్టు ఇవ్వకూడదు, పాత మండలంలో అసలే ఇవ్వకూడదు.

7. ఏసీబీ ప్రత్యేక కోర్టుల్లో ప్రాసిక్యూటర్లను అదనపు బాధ్యతలతో కాకుండా పూర్తికాలం నియమించాలి. రెండుకు మించి వాయిదాలు వద్దని కొత్త సంహిత చెబుతున్నప్పుడు, మా తరఫు ప్రాసిక్యూటరే లేక వాయిదా పడటం ప్రభుత్వానికి పరువు తక్కువ.

8. 19వ సెక్షన్‌కు సవరణ కోరుతూ కేంద్రానికి రాయాలి. విధి నిర్వహణలో చేసిన నేరాలకు సంబంధించి కొత్త సంహిత 218వ సెక్షన్‌లో ఒక ఏర్పాటుంది: 120 రోజుల్లో ప్రభుత్వం నిర్ణయించకపోతే అనుమతి ఇచ్చినట్టే. లంచం కేసులకు మాత్రం అది లేదు. అవినీతి కేసుల్లోనూ అలాంటి ఏర్పాటును పార్లమెంటు పరిశీలించాలని 2012లోనే జస్టిస్ గంగూలీ తన తీర్పులో సూచించారు. ఎవరూ చదవకుండా దానంతటదే వచ్చే అనుమతి నాకు పూర్తిగా నచ్చదు, ఐదో అంశంలో చెప్పిన నిర్దోషికి అది రక్షణ కాదు. కానీ గడువు దాటితే ఏదో ఒకటి జరుగుతుందన్న భయం లేకపోతే మీ సెక్షన్లలో ఫైలు కదలదని ఇన్నేళ్లలో చూశాను.

ఈ లేఖకు నెల రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాను. రాకపోతే, నాలాగే ఎదురుచూస్తున్న మరికొందరు ఫిర్యాదుదారులతో కలిసి హైకోర్టులో రిట్ వేస్తాం. చందాలు పోగుచేసుకుంటున్నాం.

ఇట్లు,
ఒక ట్రాప్ కేసు ఫిర్యాదుదారుడు

ప్రతులు: రెండు రాష్ట్రాల విజిలెన్స్ కమిషనర్లకు, ఏసీబీ డైరెక్టర్ జనరళ్లకు, న్యాయశాఖ కార్యదర్శులకు.